కరుణమ్మ చూపించని ఇల్లు

మా చర్చి నడిపే పరంజ్యోతి ఉపదేశిగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పేవారు కాదు, పని చెప్పేవారు. అందుకే మా పాలెంలో ఆయన్ని ప్రశ్నలడిగేవాళ్ళు తక్కువ. ఓర్పు అంటే ఏమిటి అయ్యగారూ అని అడిగిన పాపానికి మా మార్తమ్మ ఓ వారం రోజులు చర్చి గంట తాడుకు పడిన చిక్కులు విప్పుతూ కూర్చుంది. తర్వాత ఆమె ఏ అనుమానం వచ్చినా మనసులోనే పెట్టుకుంది.

గిద్యోను మాత్రం అడిగాడు. వాడి తీరే అంత. రెండో తరగతిలో నా దగ్గర చదువుకునే రోజుల్లోనే, సున్నా అంటే ఏమీ లేదన్నారు కదా టీచర్, మరి ఏడు పక్కన పెడితే డెబ్బై ఎట్లా అవుతుంది అని నా ప్రాణం తీసేవాడు. ఇప్పుడు ముప్పై ఏళ్ళవాడయ్యాడు. పట్నంలో ఒక సేవాసంస్థలో మూడేళ్ళు పనిచేసి, ఉపదేశిగారి దగ్గర పని నేర్చుకుందామని తిరిగొచ్చాడు. ఆయన తర్వాత మా సంఘాన్ని చూసుకోవలసినవాడు వాడే. ఒక శనివారం పొద్దున ప్రార్థన ముగిశాక, చర్చి పక్కగదిలో బియ్యం బస్తాల మధ్య నిలబడి ఆయన్ని నిలదీసినంత పని చేశాడు.

"మన స్త్రీల సమాజానికి ఏం తక్కువైందయ్యగారూ? బియ్యం ఉంది. ప్రేమ ఉంది. ప్రార్థనకైతే లోటే లేదు. అయినా ఒక్క మనిషి మంచాన పడేసరికి తొమ్మిది ఇళ్ళలో పొయ్యి వెలగడం లేదు. ఇదేం సంఘం?"

నేను ఆ గదిలోనే, ఒక మూల కూర్చుని బియ్యంలో పురుగు చూస్తున్నాను. ఆ తొమ్మిది ఇళ్ళలో ఒకటి మాది. ఇప్పుడు మీకు చెబుతున్నాను గానీ ఆ రోజు ఆ మాట నా నోట్లోంచి రావాలంటే నన్ను చంపినా వచ్చేది కాదు.

మా సమాజం సంగతి కొంచెం చెప్పాలి. మా పాలెం ఆడవాళ్ళు చాలామంది పొగాకు షెడ్డుల్లో ఆకు గ్రేడింగు చేసి బతికేవాళ్ళు. ఎవరింట్లోనూ కలిమి లేదు. అయినా ఎసట్లో బియ్యం పోసేముందు ప్రతి ఇల్లాలూ ఒక గుప్పెడు తీసి పక్కడబ్బాలో వేస్తుంది. ఆదివారం ఆ డబ్బా బియ్యం సంచిలో పోసుకుని చర్చికి తెస్తుంది. పూట గడవని ఇళ్ళకు ఆ బియ్యం చేరాలి. అది చేర్చేది కరుణమ్మ. పద్దెనిమిదేళ్ళు చేర్చింది. శనివారం పూట బియ్యం కొలిచే మానిక సంచిలో వేసుకుని బయల్దేరేది. ఎన్ని ఇళ్ళని ఉపదేశిగారు ఒకసారి అడిగితే తొమ్మిది అని చెప్పిందట, అంతే. ఏ తొమ్మిదో ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు.

కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదని ప్రభువు మాట కదా. ఆ మాటను మావాళ్ళు పట్టుకున్నంత గట్టిగా ఇంకెవరూ పట్టుకుని ఉండరు. బియ్యం ఎవరికి పోతుందమ్మా అని ఎవరైనా అడిగితే, ఛీ ఛీ, అట్లా అడగొచ్చా అని చెంపలేసుకునేవాళ్ళు. 'మాకేం తెలియదు, అంతా కరుణమ్మకే ఎరుక' అని చెప్పుకోవడం మాకొక గొప్ప. పక్క పాలేల సమాజాలవాళ్ళు వచ్చినప్పుడు కూడా ఆ మాటే చెప్పి మురిసిపోయేవాళ్ళం. తెలియకపోవడం ఏదో పుణ్యమైనట్టు.

ఈస్టరుకు ముందొచ్చే శ్రమదినాలు మొదలైన రెండోవారం, షెడ్డులో ఆకు విదిలిస్తూ కరుణమ్మ కూలిపోయింది. పక్షవాతం. కుడికాలు, కుడిచెయ్యి, వాటితోపాటు మాట కూడా పోయింది. ఆమెకు అక్షరం ముక్క రాదు కాబట్టి రాసి చూపించే దారీ లేదు. పద్దెనిమిదేళ్ళ సంగతులు ఆ తలకాయలో ఉన్నాయి, తాళం పడిపోయింది.

ఇక మా ఇల్లు. నేను మిషన్ బడిలో ఇరవై తొమ్మిదేళ్ళు పాఠాలు చెప్పాను. ఊళ్ళో అందరికీ టీచరమ్మనే. మిషన్ వాళ్ళు చేతులెత్తేశాక బడి మూతపడింది, పింఛను లాంటిదేమీ లేదు. టీచరంటే పింఛను ఉంటుందని అందరూ అనుకున్నారు, నేను కాదనలేదు. ఆ పేరు చూసే నాకు తెల్లకార్డు కూడా రాలేదు. పేరు గొప్ప, ఊరు దిబ్బ అంటారే, అదే మేము. మా ఆయన బెంజిమెను దర్జీ పని చేసేవాడు. చూపు మసకబారి సూదిలో దారం ఎక్కించలేని స్థితి వచ్చాక కుట్టుమిషను మీద గుడ్డ కప్పేశాడు.

మా కష్టం కరుణమ్మ ఎట్లా కనిపెట్టిందో నాకు తెలియదు. ఒక శనివారం వచ్చి, "టీచరమ్మా, నాకు చదువు రాదు, వాక్యం ఒకటి చదివి అర్థం చెప్పమ్మా" అంది. చదివి చెప్పాను. వెళ్ళేటప్పుడు మూటలోంచి రెండు మానికల బియ్యం మా కుండలో పోసి, "ఊరకే చెప్పించుకుంటే నాకు అంటదు తల్లీ" అని వెళ్ళిపోయింది. అట్లా ఆరేళ్ళు. నేను చదువు చెప్పి తింటున్నాననే అనుకుంటూ తిన్నాను. ఆదివారం నా గుప్పెడు నేనూ తీసుకెళ్ళి అందరి ముందూ పోశాను. ఆ గుప్పెడు కరుణమ్మ పోసిన బియ్యంలోదేనని నాకు తెలియదా? తెలుసు.

ఆమె పడిపోయిన తర్వాత మా ఇంట్లో ఒంటిపూటే. అదీ గంజి. మా ఆయన, "ఏమే, అన్నం మరీ పలచబడిందే" అంటే, శ్రమదినాలు కదండీ, ఉపవాసం పట్టాను అన్నాను. ఆ మాట పక్కింటివాళ్ళు విన్నారు. ఆదివారానికల్లా, "చూడండమ్మా, ఈ వయసులో టీచరమ్మ ఎంత నిష్ఠగా ఉంటోందో" అని నన్ను చూపించి కోడళ్ళకు బుద్ధులు చెప్పడం మొదలెట్టారు. నా ఆకలికి భక్తి అని పేరు పడింది. నవ్వాలో ఏడవాలో తెలియక తల వంచుకున్నాను, దాన్ని కూడా వినయమే అనుకున్నారు.

మొదటి ఆదివారం బియ్యం చేరింది, తీసుకెళ్ళే మనిషి లేదు. ఏ ఇంటికి ఇవ్వాలని ఒకరినొకరు అడగడానికి మా వాళ్ళకు నోరు రాదాయె. ఎవరి సంచి వాళ్ళు కొంగుచాటున పెట్టుకుని ఎవరికీ చెప్పకుండా బయల్దేరారు. పాలెంలో పేదరాలు ఎవరంటే ఎవరికైనా చప్పున తోచేది చర్చి గేటు పక్కన ఉండే ఎస్తేరమ్మ. రెండు కళ్ళూ లేవు పాపం. నేనూ అక్కడికే వెళ్ళాను. ఇచ్చేవాళ్ళలో నేనూ ఒకతెను కదా, ఇవ్వకపోతే అనుమానం రాదూ? కడుపులో ఎలుకలు పరుగెత్తుతుంటే నా గుప్పెడు బియ్యం మోసుకుంటూ వెళ్ళాను. తీరా చూస్తే ఆమె గుమ్మంలో మార్తమ్మ ఎదురైంది. లోపలినుంచి ఇంకో ఇద్దరు వస్తున్నారు. నలుగురం ఒకరినొకరు చూసుకుని, కొంగులు సర్దుకుని, ఎండ ఎక్కువగా ఉందమ్మా అంటే ఎక్కువగానే ఉందని చెప్పుకుని విడిపోయాం. మధ్యాహ్నానికి ఎస్తేరమ్మ ఇంట్లో పదకొండు సంచులు చేరాయి.

"నాకు నోరు ఒకటేనయ్యా," అంది ఎస్తేరమ్మ, వెతుక్కుంటూ వచ్చిన గిద్యోనుతో. "మీకేమో చేతులు మరీ ఎక్కువైనయ్. తీసుకుపోండి, ఎలుకలు నా మీద పడి దొర్లుతున్నయ్."

గిద్యోనుకు ఒళ్ళు మండింది. పట్నంలో శిక్షణ తరగతులకు వెళ్ళొచ్చినవాడు. చిన్న సంఘాలను బలపరచడం ఎట్లాగో రంగురంగుల కాగితాల మీద బొమ్మలు గీసి నేర్పారట. రిజిస్టరు లేకపోవడమే మన జబ్బు అని తేల్చేశాడు. రెండో ఆదివారం ఆరాధన కాగానే చర్చి వరండాలో బల్ల వేయించి, బియ్యం అందుకునేవాళ్ళు వచ్చి పేర్లు రాయించుకోండి అని ప్రకటన చేశాడు. చేసి, నావైపు తిరిగాడు.

"టీచరుగారూ, మీ అక్షరం ముత్యంలా ఉంటుంది. మీరు రాయండి."

రాశాను. ఇరవై మూడు పేర్లు. ఊరికే వస్తే ఫినాయిలైనా తాగేవాళ్ళు ఏ ఊళ్ళోనైనా ఉంటారు, మా పాలెం అందుకు మినహాయింపేమీ కాదు. ట్రాక్టరున్న ఆసామి కూడా వచ్చి, "మా చిన్నోడి పేరు మీద రాయండి" అన్నాడు. ఆకలితో కళ్ళు తిరుగుతున్నా గీత తప్పకుండా రాసుకుంటూ పోయాను. ఇరవై నాలుగో పేరు రాయడానికి కాగితం మీద చోటుంది, చేతిలో కలముంది. రాయలేకపోయాను.

ఆ సాయంత్రం గిద్యోను జాబితా పట్టుకుని కరుణమ్మ ఇంటికెళ్ళాడు. ఆమె మంచం చుట్టూ పలకరింపులకు వచ్చిన జనం. ఒక్కొక్క పేరూ చదివాడు. ఒక్కొక్క పేరుకూ ఆమె ఎడమచెయ్యి అడ్డంగా ఊగింది. ఇరవై మూడు సార్లూ అంతే. సరే, పాలెంలో ఉన్న ఇళ్ళన్నీ చదువుతానని మొదలుపెట్టేసరికి కరుణమ్మ గోడవైపు తిరిగి కళ్ళు మూసుకుంది. అంతమంది ముందు ఆమె ఎట్లా చెబుతుంది? వాడికి అది తట్టలేదు. మరుసటి శనివారమే వచ్చి నేను మొదట చెప్పిన ఆ ప్రశ్న అడిగాడు.

ఉపదేశిగారు విన్నారు. గోడకు ఆనించి ఉన్న చీపురు తీసి, కింద పడిన నాలుగు గింజలు ఒక పక్కకు ఊడ్చారు. తర్వాత అన్నారు.

"కూరగాయల శౌరికి చెప్పి తోపుడుబండి అడిగి తీసుకురా నాయనా. దాని మీద బొంత పరిచి కరుణమ్మను కూర్చోబెట్టు. బియ్యమూ మానికా ఆమె ఒళ్ళో పెట్టు."

"ఎక్కడికి తీసుకెళ్ళనయ్యగారూ? ఆమెకు మాట లేదు కదా."

"పద్దెనిమిదేళ్ళు నడిచిన మనిషికి దారి చూపించడానికి మాటెందుకు? ఒక్కడివే పోవద్దు. టీచరమ్మగారిని వెంటబెట్టుకుపో."

 ఆయనకు తెలిసే నన్ను పంపారో, ఖాళీగా కనబడ్డానని పంపారో నాకు ఈనాటికీ తెలియదు. ఉపవాసంలో ఉన్నానయ్యా, ఎండలో తిరగలేను అందామనుకున్నాను. ఆ అబద్ధం దేవుడి గదిలో చెప్పలేక ఊరుకున్నాను.

పది గంటల వేళకు ఆడవాళ్ళంతా షెడ్డులకు వెళ్ళిపోయారు. వీధులు ఖాళీ అయ్యాయి. కరుణమ్మ కోడలూ నేనూ కలిసి ఆమెను బండెక్కించి, వెనక దిండ్లు పెట్టాం. ఒళ్ళో మానిక పెట్టగానే ఆమె ఎడమచెయ్యి దాన్ని తడిమింది. ముఖం విప్పారింది. గిద్యోను వెనకనుంచి తోస్తున్నాడు, నేను పక్కన ఆమెను పట్టుకుని నడుస్తున్నాను. కుడిచెయ్యి ఒళ్ళో చచ్చుబడి ఉంది. ఇప్పుడు దారి చెప్పాల్సింది, ఏ సంగతీ తెలియకూడదని మేము ఇన్నేళ్ళూ పట్టుబట్టిన ఆ ఎడమచెయ్యే.

ఎస్తేరమ్మ ఇంటి ముందు గిద్యోను బండి వేగం తగ్గించాడు. కరుణమ్మ చెయ్యి లేవలేదు. ఎస్తేరమ్మ ఆ తొమ్మిదిలో లేనే లేదు! ముందుకు పొమ్మన్నట్టు గడ్డం ఎగరేసింది. మూడో సందులో మొదటి ఇల్లు చూపించింది. వాడు సరాసరి వీధి వాకిట్లోకి వెళ్ళబోతే మానికతో బండి చెక్క మీద టకటకా కొట్టింది. పెరటివైపు చూపించింది. పెరట్లో ఒక బాలింత, ఒడిలో బిడ్డ. మాట్లాడకుండా చేట చాపింది. రెండు మానికలు పోయించింది కరుణమ్మ. మూడోది వాడు తనంతట తనే పోయబోతే చెయ్యి అడ్డం పెట్టింది. తర్వాత ఇళ్ళకు చాలాలి కదా.

గిద్యోను జేబులోంచి చిన్న పుస్తకం తీసి పేరు రాసుకున్నాడు. "ఒకటి," అన్నాడు నాతో, చిన్నప్పుడు లెక్క సరిగ్గా వచ్చినప్పటి ముఖంతో.

రెండో ఇంటి దగ్గర ఆమె చెయ్యెత్తింది, వెంటనే దించేసింది. పొమ్మంది. ఇది కాదా అంటే ఇదేనని తల ఊపింది, మళ్ళీ పొమ్మంది. వాడికి అర్థం కాక నావైపు చూశాడు. వాకిట్లో మగచెప్పులు ఉన్నాయి. ఆ మగడు ఇంట్లో ఉన్నప్పుడు బియ్యం ఇస్తే అవి సాయంత్రానికి సారాకొట్టుకు పోతాయి. "చెప్పుల్రా గిద్యోనూ," అన్నాను. ఇంకో వీధి చుట్టి వచ్చేసరికి చెప్పులు లేవు. అప్పుడు ఆపింది.

నాలుగో ఇంట్లో ముసలామె బియ్యం చూసి ముఖం తిప్పుకుంది. "మాకేం కరువు? ఎవరికన్నా లేనోళ్ళకియ్యండి" అని విసురుగా అంది. కరుణమ్మ ఎడమచెయ్యి పెరట్లో కరివేపచెట్టు వైపు ఊపుతోంది. కూరలోకి కావాలేమోనని గిద్యోను కరుణమ్మతో, "తర్వాత తెస్తాలే పిన్నీ" అన్నాడు. కరుణమ్మ కళ్ళు ఉరిమింది. మానికతో బండి చెక్క మళ్ళీ దద్దరిల్లింది. వాడు భయపడి వెళ్ళి ఒక రెమ్మ కోసుకొచ్చాడు.

"ఒకటేనా? నా చెట్టేమన్నా గొడ్డుబోయిందా?" అంది ముసలామె. ఆమే లేచి వెళ్ళి దోసెడు రెమ్మలు విరిచి బండిలో వేసింది. వేసి, కుండ తెచ్చి ముందు పెట్టింది. "కరివేపాకు బేరానికి బియ్యం తీసుకుంటా. ఊరకే తీసుకునే వంశం కాదు మాది."

బండి సందు మలుపు తిరిగాక గిద్యోను పుస్తకం తెరిచాడు. రాయబోయి కలానికి మళ్ళీ మూత పెట్టేశాడు.

"టీచరుగారూ, పేరు రాస్తే సరిపోయేట్టు లేదే ఇది."

"సరిపోదురా," అన్నాను.  వాక్యం చదివి చెప్పమ్మా అని కరుణమ్మ మా గుమ్మంలో కూర్చున్న శనివారాలన్నీ కళ్ళముందు తిరిగాయి. ప్రతి ఇంటికీ ఇట్లాంటిదొకటి ఆమె కనిపెట్టి పెట్టుకుంది. మాకు ఇచ్చింది బియ్యం ఒక్కటే అయితే మేము ఎప్పుడో చచ్చిపోయి ఉండేవాళ్ళం, సిగ్గుతో.

ఎనిమిది ఇళ్ళూ అయ్యేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. సంచిలో ఇంకా రెండు మానికల బియ్యం మిగిలాయి. సరిగ్గా రెండు. బండి మా వీధిలోకి తిరిగింది.

 పక్కనున్నవాడు ఎవరు? నా శిష్యుడు. ముక్కు తుడిచి ఓనమాలు దిద్దించినవాడు. టీచరుగారూ అని లేచి నిలబడేవాడు. వాడి చేతి మానికలోంచి నా కుండలోకి బియ్యం పడాలా? చూపించకు కరుణమ్మా, చూపించకు తల్లీ అని లోపల వేడుకుంటూనే ఉన్నాను. ఇంకోపక్క మా ఆయన పొద్దున తాగిన గంజి గుర్తొస్తోంది. గ్లాసు అడుగున వేలు పెట్టి నాకి, నాకు వినబడదనుకుని నిట్టూర్చాడు.

మా గుమ్మం వచ్చింది. కరుణమ్మ కళ్ళు మూసుకుంది. ఎడమచెయ్యి మానిక మీద బోర్లా పెట్టి కదలకుండా కూర్చుంది. బండి మా ఇల్లు దాటింది.

నేను అడిగిందే జరిగింది. జరిగాక ఏడుపొచ్చింది. ఆ మూసిన కళ్ళు నా పరువును కాపాడుతున్నాయి, నా కుండను మాత్రం ఖాళీగా వదిలేస్తున్నాయి. వీధి చివర గిద్యోను బండి ఆపి చెమట తుడుచుకున్నాడు.

"ఎనిమిదే దొరికినయ్ టీచరుగారూ. తొమ్మిదోది ఏది పిన్నీ? బియ్యం మిగిలినయ్ చూడు. ఇంకొక ఇల్లు ఉంది కదా?"

కరుణమ్మ కళ్ళు తెరవలేదు. వాడు ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుని మళ్ళీ అడిగాడు. కోపంగా కాదు, బతిమాలుతూ అడిగాడు. ఆ ఇంట్లో ఎవరున్నారో, పసిపిల్లలున్నారేమో, రెండు వారాలైంది పిన్నీ, ఎట్లా ఉన్నారో అంటూ కళ్ళు తుడుచుకున్నాడు. నా గురించే వాడు ఏడుస్తున్నాడు, నన్ను పక్కన పెట్టుకుని.

అప్పుడు నాకు ఒక సంగతి తెలిసివచ్చింది. నేను నోరు విప్పకపోతే ఆ తొమ్మిదో ఇల్లు ఎప్పటికీ దొరకదు. ఈసారి నేను. రేపు నాలాగే తెల్లచీర కట్టుకుని ముందు వరసలో కూర్చునే ఇంకొకతె. ఇరవై తొమ్మిదేళ్ళు పిల్లలకు తెలియకపోతే చెయ్యెత్తి అడగండర్రా అని చెప్పినదాన్ని, నేను మాత్రం చెయ్యెత్తను. థూ, ఏం పంతులమ్మని!

"ఒరే గిద్యోనూ. బండి వెనక్కి తిప్పు," అన్నాను. "తొమ్మిదో ఇల్లు మాదే."

వాడు తలెత్తి చూశాడు. కరుణమ్మ ఎడమచెయ్యి వచ్చి నా జబ్బ మీద ఠపీమని కొట్టింది. ఎందుకు చెప్పావే అన్నట్టు. కొట్టిన చెయ్యి మళ్ళీ తీసుకోలేదు, నా జబ్బను అట్లాగే పట్టుకుంది. ఇద్దరం ఏడ్చాం. ఆమెకు శబ్దం రాదు, నేను రానివ్వలేదు.

 గిద్యోను అయ్యో అనలేదు, ముందే చెప్పొచ్చు కదా అనలేదు. పుస్తకం తీయనే లేదు. బండి తిప్పి మా గుమ్మం ముందు ఆపి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కాసేపు కరివేపాకు రెమ్మల వైపు చూశాడు.

"టీచరుగారూ, పై ఆఫీసుకు నెలనెలా ఇంగ్లీషులో రిపోర్టు రాయాలి. నా ఇంగ్లీషు సంగతి మీకు తెలుసు కదా. మొన్న రాసింది చూసి వాళ్ళు నవ్వారంట. ప్రతి శనివారం వస్తాను, దిద్దిపెడతారా?"

అబద్ధం కాదు. వాడి ఇంగ్లీషు నిజంగానే అంత ఘోరం.

"దిద్దుతాను," అన్నాను. "తప్పులుంటే మాత్రం తొడపాశం పెడతాను. ముప్పై ఏళ్ళు వచ్చాయని చూడను."

"పెట్టండి టీచర్," అని లోపలికి వెళ్ళి రెండు మానికలూ మా కుండలో పోశాడు. బియ్యం పడుతున్న చప్పుడుకు మా ఆయన మంచం మీద లేచి కూర్చున్నాడు. ఎవరే అన్నాడు. గిద్యోను అండీ, పాఠం చెప్పించుకోవడానికి వచ్చాడు అన్నాను. ఆ పూట మా ఇంట్లో అన్నం గట్టిగా వండాను. నా ఉపవాసం అక్కడితో సరి.

సాయంత్రం నాలుగింటికి ఇద్దరం ఉపదేశిగారి దగ్గరకు వెళ్ళాం. ఆయన చర్చి కిటికీ రెక్కకు మేకు కొడుతున్నారు. గిద్యోను నిలబడి, ఒక్కొక్క మాటా కూడబలుక్కుని చెప్పాడు.

"తొమ్మిదీ దొరికినయ్ అయ్యగారూ. కానీ పుస్తకంలో ఎక్కించగలిగింది సగమే. ఏ గుమ్మంలోంచి వెళ్ళాలి, ఎప్పుడు వెళ్ళాలి, ఏం అడిగి ఇవ్వాలి... ఆ మిగతా సగం నడిస్తేనే తెలిసింది."

"ఆ సగం ఇప్పుడెవరికి తెలుసు?"

"నాకూ టీచరుగారికీ. ఇక భయం లేదండి. ఒక్కరి చేతిలో ఉన్నది ఇద్దరి చేతుల్లోకి వచ్చింది. మేమిద్దరం పట్టుదలగా చేస్తాం, ఒక్క శనివారం కూడా తప్పనివ్వం."

ఉపదేశిగారు మేకు మీద చివరి దెబ్బ కొట్టి, రెక్క ఊపి చూసుకున్నారు. "వచ్చే శనివారం మీరిద్దరూ చెరొకర్ని వెంటబెట్టుకుని పోండి," అన్నారు.

నేను అడిగేశాను. "అంటే మా ఇల్లు ఇంకో ఇద్దరికి తెలియాలా అయ్యగారూ?"

ఆయన నావైపు తిరిగారు. ఆ ముఖంలో జాలి లేదు, అందుకు నేను ఈనాటికీ ఆయనకు రుణపడి ఉన్నాను.

"మీకు నచ్చినవాళ్ళనే మీరు ఎంచుకోండమ్మా. మా ఆవిడా నేనూ ఒకే వారం జ్వరంతో పడుకున్న రోజులున్నాయి. ఇద్దరు ఒక్కసారే మంచాన పడటం నేను చూశాను. నలుగురు పడటం మాత్రం ఇంతవరకూ చూడలేదు."